ఏడో బస్తా

బస్తాలకు లైఫ్ జాకెట్లు తొడగమన్నది వెంకటనర్సే. ఇసుక బస్తా పడవలో ఉన్నచోట ఉండదు. మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతుంది. బస్తా ఒరిగితే పడవ ఒరుగుతుంది, పడవ ఒరిగితే కొలత చెడుతుంది. అదే జాకెట్టు తొడిగి పట్టీలు సీటుకు బిగిస్తే బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. ఒక్కోటి అరవై కిలోలు. చిట్యాలలో తన మోటార్ల దుకాణం ముందున్న కాటా మీద తానే తూచి, మూతి కుట్టించి, ఆటో ట్రాలీలో ఎక్కించి తెచ్చాడు.

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా ఆరు బస్తాలు నారింజరంగు జాకెట్లలో రెండో నంబరు పడవలో కూర్చున్నాయి. ఒడ్డు మీది నుంచి చూస్తే తలలు లేని ఆరుగురు మనుషులు షికారుకు పోతున్నట్టుంది.

"సేటూ, వీళ్లకు టికెట్లు చింపినవా?" అన్నాడు మెకానిక్ నాగరాజు, ఇంజను మూత తీస్తూ.

"నవ్వులాట తర్వాత. టాంకు నిండా పొయ్యి. అంచుకు రావాలె. పోయినప్పుడు నిండు, వచ్చినప్పుడు నిండు. మధ్యల ఎంత పట్టిందో గదే లెక్క."

కొత్తగట్టు రిజర్వాయర్‌లో వెంకటనర్సుకు మూడు పడవలున్నాయి. ఒకటో నంబరు డీజిల్‌ది, పెళ్లి ఊరేగింపు బండిలా మెల్లగా పోతుంది. రెండోది పాత రకం పెట్రోల్ ఇంజను, వేగం ఎక్కువ, అరుపు ఎక్కువ. మూడోది కొత్తగా తెచ్చింది, నీళ్ల మీద పిల్లిలా నడుస్తుంది. శుక్రవారం పర్మిట్ ఆఫీసరు వస్తాడు. ఏ ఇంజను ఎంత చప్పుడు చేస్తుంది, ఎంత తాగుతుంది అన్నది కాగితం మీద చూపించాలి. చప్పుడు హద్దు దాటిన పడవకు ఈసారి పర్మిట్ ఇవ్వరట.

ఇది పైకి చెప్పే పని. లోపలి పని వేరే ఉంది. ఆ పనేమిటో ఒడ్డున రాతి మీద గొంతు కూర్చున్న కురుమయ్యకు తెలుసు.

రెండో నంబరు నడిపేది కురుమయ్య. ఐదు నెలలుగా ఆ పడవ తిప్పతిప్పకూ, అంటే పోయి వచ్చిన ప్రతిసారీ, పావు లీటరు ఎక్కువ తాగుతోంది. రోజుకు పది తిప్పలు. అంటే రెండున్నర లీటర్లు ఎక్కడికో పోతోంది. గాలికి పోదు కదా. కురుమయ్యకు ఒక పాత మోపెడ్ ఉంది. వెంకటనర్సు రెండు ముక్కలు కలిపి చూశాడు, అతికాయి. ఆ మాట మొన్న మొహం మీదే అన్నాడు. కురుమయ్య కాదనలేదు, ఔననలేదు. నడుముకు కట్టుకున్న తువ్వాల విప్పి మళ్లీ కట్టుకున్నాడు. దొంగ కాకపోతే ఎగిరి పడాలి కదా అని వెంకటనర్సుకు అప్పుడే అనిపించింది.

అందుకే ఇవాళ పడవ నాగరాజు చేతికిచ్చాడు. కురుమయ్య ముట్టుకోడు. తాగుడు తగ్గిందా, దొంగ దొరికినట్టే. శుక్రవారం సాయంత్రానికి కురుమయ్య పనిలో ఉండడు. చుట్టూ ఉన్న నీళ్ల మీద ఇంకెవరూ పనికి పెట్టుకోరు కూడా; పెట్రోలు దొంగ అన్న పేరు పడవ కన్నా ముందు పోతుంది.

మొదట డీజిల్ పడవ పోయి వచ్చింది. తర్వాత కొత్తది. వెంకటనర్సు జెట్టీ చివర నిలబడి, చప్పుడు కొలిచే డబ్బాను చెయ్యి చాచి పట్టుకున్నాడు. డీజిల్‌ది దవడలో నమిలినట్టు డుబుడుబుమనే చప్పుడు, డెబ్బై ఆరు. కొత్తది తేనెటీగ ముసిరినట్టు, అరవై నాలుగు. రెండో నంబరును నాగరాజు తాడు గుంజి లేపగానే ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. తొంభై ఒకటి. అది చప్పుడులా ఉండదు. రేకును నిలువునా చింపుతున్నట్టుంటుంది. అందులో ప్రతి నాలుగు క్షణాలకు ఒకసారి ఏదో తెగి మళ్లీ అతుక్కున్నట్టు ఒక విరుపు.

మూడు ఇంజన్లు, మూడు గొంతులు. కండ్లు మూసుకున్నా పోల్చుకోవచ్చు. ఆ అంకెలు రాసుకుంటుంటే వెంకటనర్సుకు ఎందుకో పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడో ఎవరితోనో దీనికి ఎదురుమాట అన్నట్టు గుర్తు. ఎవరితోనో తట్టలేదు.

పడవ నీటి మధ్య మునిగిన తాటిచెట్ల మోడుల దాకా పోయి తిరిగొచ్చింది. నాగరాజు కొలత పాత్రతో పెట్రోలు పోశాడు. నాలుగు లీటర్లు పట్టింది. ఇంకా అంచుకు రాలేదు. పావు పోశాడు. అప్పుడు వచ్చింది.

"నాలుగూ పావు," అన్నాడు.

"మళ్లీ చూడు."

"సేటూ, నేను చూసేదేముంది, నువ్వే చూస్తున్నవు గద."

వెంకటనర్సు షెడ్డులోకి పోయాడు. పోయిన ఉగాదికి పడవ కొన్నప్పుడు ఇట్లాగే బస్తాలు వేసి కొలిచి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాడు. కొలవని సరుకును వాడుకోవడం అతని ఒంట్లో లేదు. గోడ మీద అంకెలు చెక్కుచెదరలేదు. ఆరు బస్తాలకు నాలుగు. ఏడు బస్తాలకు నాలుగూ పావు.

వెనకే వచ్చిన నాగరాజు ఆ వరస చదివి మెడ గోక్కున్నాడు. "ఇది ఆరు బస్తాల తాగుడు కాదు సేటూ. ఏడు బస్తాలది."

వెంకటనర్సు మళ్లీ ఒడ్డుకు వచ్చి వేలుతో ఒక్కొక్క జాకెట్టునూ తాకుతూ లెక్కపెట్టాడు. ఆరు. ఎండ నడినెత్తిన ఉంది. జాకెట్లు కాలుతున్నాయి. చివరి సీటు వెనక, ఖాళీగా ఉన్న చెక్క మాత్రం తడిగా ఉంది.

కురుమయ్య రాతి మీది నుంచి కదల్లేదు. పెట్రోలు కానీ, పడవ కానీ అతని చేతిలో లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వెంకటనర్సు అటు చూడకుండా లోపలికి పోయి నీళ్లు తాగాడు.

మంగళవారం ఏడు బస్తాలతో కొలవాలనుకున్నాడు. ఆరుకు ఏడు తాగుతుంటే ఏడుకు ఎంత తాగుతుందో చూడాలి కదా. ఒక చిక్కు వచ్చింది. మిగతా జాకెట్లు ఉతికి ఆరేయడానికి పోయాయి, చేతిలో ఆరే ఉన్నాయి.

"ఏడోదాన్ని ఎనక చెక్క మీద పెట్టు. ఒక్క తిప్పకేమైతది," అన్నాడు వెంకటనర్సు.

రాతి మీద కురుమయ్య తలెత్తి చూశాడు.

"ఏంది?" అన్నాడు వెంకటనర్సు.

"ఏం లేదు సేటూ. గీ మాట ఇంతకుముందు గూడ అన్నవు."

నాగరాజు తాడు గుంజడంతో వెంకటనర్సు జవాబు ఆ రొదలో పోయింది. పడవ నీటిని చీల్చుకుంటూ పోయింది. జెట్టీ మీద వెంకటనర్సు ఒక చేత్తో డబ్బా పట్టుకొని, రెండో చేత్తో కండ్లకు నీడ పెట్టుకున్నాడు. మోడుల దగ్గర పడవ మలుపు తిరిగింది, ఒక్క కుదుపు కుదిపింది, సర్దుకుంది. నారింజ రంగు ఆరు చుక్కలు కనిపించాయి. ఎవరో తన భుజం పట్టి ఊపుతున్నట్టయి తిరిగి చూస్తే కురుమయ్య. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినిపించలేదు. పడవ దగ్గరికి వచ్చే కొద్దీ రొద ఇంకా పెరిగింది.

పడవ ఒడ్డుకు తగిలింది. ఇంజను ఆగింది. వెంకటనర్సు అలవాటు కొద్దీ వేలుతో ఎంచాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు.

"జాకెట్లు ఆరు. లెక్క సరిపోయింది," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి బయట పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది.

నాగరాజు వెనక్కి తిరిగి చూశాడు. "సేటూ, ఎనక బస్తా ఏది?"

చెక్క ఖాళీగా ఉంది. అరవై కిలోలు నీళ్లలో పడితే నడిపేవాడికి తెలియలేదు, చూసేవాడికి తెలియలేదు.

"నాకు చప్పుడే ఇనవడలే," అన్నాడు నాగరాజు, తనలో తాను గొణుక్కున్నట్టు.

"గా రోజు గూడ ఇనవడలే," అన్నాడు కురుమయ్య. గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. "దసరా నాడు పన్నెండు జాకెట్లు. పన్నెండు మందిని ఎక్కిచ్చినం. ఒకాయన ఉరుక్కుంట వచ్చిండు. జాకెట్టు లేదన్న. నువ్వేమన్నవు సేటూ? ఎనక చెక్క మీద కూసోబెట్టు, ఒక్క తిప్పకేమైతది అన్నవు. మోడు తగిలి పడవ ఎగిరింది. ఒడ్డుకొచ్చినంక నువ్వు జాకెట్లు లెక్కవెట్టినవు. పన్నెండున్నయి. సరిపోయింది అన్నవు."

"ఆయన ముందుగల్ల దిగిపోయిండేమో."

"దిగితే చెప్పులెందుకు ఇడిచిపెట్టి పోతడు?"

ఈ రేవులో పడవను గంగమ్మ అంటారు. చెప్పులతో ఎవరూ ఎక్కరు. ఎంత పెద్ద సారైనా, ఎంత నాజూకు పట్నం పిల్లైనా ఒడ్డున విడిచిపెట్టే ఎక్కాలి. అది వెంకటనర్సు పెట్టిన నియమం కాదు. కురుమయ్య తాత నాటిది. ఆ దసరా సాయంత్రం అందరూ పోయాక ఒడ్డున ఒక జత మిగిలింది. తాగుబోతోడెవడో మరిచిండు, నీళ్లల్ల పారెయ్ అన్నది తానే. ఆ సంగతి వెంకటనర్సు మరిచిపోలేదు. మరిచిపోయిన సామాన్ల వరసలో పెట్టాడంతే.

"పద," అన్నాడు కురుమయ్యతో. "నువ్వు నడుపు. నేనొస్త."

నాగరాజును దింపి, ఇద్దరే ఎక్కారు. వెంకటనర్సు చెప్పులు విడిచేటప్పుడు ఒక్క క్షణం వాటిని చూసుకున్నాడు.

మోడుల దగ్గరికి రాగానే కురుమయ్య ఇంజను ఆపేశాడు. పడవ తనంతట తాను కొంత దూరం జారి, నీళ్ల మీద నిలిచింది. నల్లగా, తలలు తెగిన తాటిచెట్లు చుట్టూ మోకాలెత్తున పొడుచుకొని ఉన్నాయి. గాలి లేదు. కొంగ లేదు. మిట్టమధ్యాహ్నం నీళ్లు నూనెలా ఉన్నాయి.

"ఎందుకాపినవ్?"

"రోజూ ఆపుత. ప్రతి తిప్ప. టూరిస్టులకు ఫోటోలు దిగుమని చెప్త."

"ఎందుకని అడుగుతున్న."

"ఇనాలె గద సేటూ. గా రోజు ఇనలే."

వెంకటనర్సు నవ్వబోయాడు, రాలేదు. ఒళ్లో ఉన్న డబ్బా వైపు చూశాడు. ఇంజను లేదు, గాలి లేదు, ఇద్దరు మనుషులు ఊపిరి తీస్తున్నారు. ముప్పై ఐదు దాటకూడదు. అంకె ముప్పై నాలుగు దగ్గర ఉండి, మెల్లగా నలభై అయింది. యాభై. యాభై ఎనిమిది. చెవికి ఏమీ తెలియడం లేదు. పడవ అడుగున, కాళ్ల కింద, చాలా మెల్లగా ఏదో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పొర్లినట్టయింది. అంకె అరవై ఒకటి చూపించి తిరిగి ముప్పై నాలుగుకు దిగింది.

"ఇన్నవా?" అన్నాడు కురుమయ్య.

"పోనీయ్ ఒడ్డుకు."

బుధవారం రెండో నంబరును ట్రాక్టరుతో ఒడ్డుకు లాగించారు. వెంకటనర్సు రాత్రంతా ఒకటే తీరుగా ఆలోచించి ఒక చోటికి వచ్చాడు. బరువు ఎక్కువైతేనే తాగుడు ఎక్కువైతుంది; బరువన్నది ఎక్కడో ఒక చోట ఉండి తీరాలి. పడవ కడుపు కింద పడుకొని నాగరాజు అరచేత్తో తడుముకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు.

"పర్రె ఉంది సేటూ, సన్న చీలిక. మోడు తగిలిందే. వెంట్రుకంత ఉంది. ఈ ఫైబరు రెండు పొరలు గద, నడుమ బోలు. అప్పుడే రెండు మూడు దినాలల్ల తాగింది, ఐదు నెలల సంది లోపట్నే ఉంది."

"బిందెలు తే."

నాగరాజు డ్రిల్లు పెట్టగానే నీళ్లు సన్నగా, నల్లగా కారాయి. నాచు వాసన. వెంకటనర్సు దగ్గరుండి పట్టించాడు. పదిహేను లీటర్ల బిందె. ఒకటి నిండింది. రెండు. మూడు. నాలుగో బిందె అంచుకు వచ్చి, చివరి చుక్క పడి, ఆగింది.

నాలుగు పదిహేన్లు అరవై.

ముగ్గురూ లెక్క మనసులోనే కట్టారు. ఒక మనిషి బరువు ఐదు నెలలుగా ఆ పడవలో కూర్చుని, పది తిప్పలు పోయి, పది తిప్పలు వస్తూ ఉంది. దాని పెట్రోలు కురుమయ్య పద్దులో పడుతూ వచ్చింది.

"నిన్న అడుగున పొర్లింది ఈ నీళ్లే," అన్నాడు వెంకటనర్సు. అట్లా అంటే కొంత తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. "నీ మీద అనుమానపడ్డ కురుమయ్యా. తప్పు నాది."

కురుమయ్య తువ్వాల విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "పెట్రోలు సంగతి ఇడువు సేటూ. గా తప్పు చిన్నది."

షెడ్డు వెనక రేకుల సందులోంచి ఒక సంచి తీసి తెచ్చాడు. పారేయమన్న చెప్పులు అందులో ఉన్నాయి. మామూలు తోలు చెప్పులు. ఎడమదానికి బొటనవేలి పట్టీ తెగితే కుట్టుకున్నారు. చర్మకారుడి దారంతో కాదు. సగం ఎరుపు, సగం తెలుపు, చుక్కలు చుక్కలుగా రంగు పట్టిన పట్టునూలు పోగులు నాలుగు పేని కుట్టారు.

వెంకటనర్సు వెలుతురులోకి తిప్పి ముడి చూశాడు. తండ్రి మగ్గం పక్కన పదేండ్లు గడిపిన కండ్లకు ఆ ముడి తెలియకపోదు. తెగిన పోగును అతికేటప్పుడు సాలెవాళ్లు వేసే ముడి. గింజంత కూడా ఉండదు, లాగితే ఇంకా బిగుస్తుంది. లోకంలో ఇంకెవరూ చెప్పుకు ఆ ముడి వేయరు.

"ఆమె గిదే చెప్పింది," అన్నాడు కురుమయ్య. "మోత్కూరు ఆమె. యాదమ్మ. తమ్ముడు ఐలేశం నల్గొండల చీరెలు ఇచ్చి పడవ చూసొస్త అన్నడంట. పట్టునూలుతోని కుట్టిన చెప్పులున్నయా అని అడిగింది. లేవన్నవు. పని పోతదని నేను గూడ నోరు తెరవలే."

అవును. దీపావళి ముందు వచ్చింది. బక్కపలచని మనిషి, చేతివేళ్లకు రంగు మరకలు. ఆమె మాటలు ఇప్పుడు వరసగా వచ్చాయి. తమ్ముడు పడవలోంచి ఫోన్ చేసిండు అన్నా. మాట ఇనవడలే, ఒక్కటే చప్పుడు. రేకు చింపినట్టు, నడుమ నడుమ తెగి అతికినట్టు. అప్పుడే రెండో నంబరు రేవుకు వస్తోంది. ఆమె చెయ్యెత్తి చూపించింది. గదే, గా చప్పుడే అన్నా.

తాను ఏమన్నాడు? "ఇంజన్లన్నీ ఒక్క తీర్గనె మొత్తుకుంటయమ్మా. చప్పుడుకు పేరుంటదా?" అన్నాడు. మా జాకెట్ల లెక్క సరిపోయింది అన్నాడు. ఆమె వాదులాడలేదు. కాగితం లేదంటే, బొగ్గు ముక్క తీసుకొని షెడ్డు గోడ మీద ఫోన్ నంబరు రాసి, నూరు రూపాయలిస్తే వద్దని నడుచుకుంటూ పోయింది.

సోమవారం పెన్ను ఎందుకు ఆగిందో బుధవారం తెలిసింది. తొంభై ఒకటి, డెబ్బై ఆరు, అరవై నాలుగు. ఆమె చెవితో చెప్పినదాన్నే తాను రెండు రోజులు డబ్బా పట్టుకొని కొలిచి, చేతిరాతతో రుజువు చేశాడు.

శుక్రవారం ఆఫీసరు రాజేందర్ పదకొండు గంటలకు వచ్చాడు. నీట్‌గా దువ్విన తల, ఫైలు, నీళ్ల సీసా. కొత్త పడవలో ఒక తిప్ప తిరిగి, దిగి, తృప్తిగా బెల్టు సర్దుకున్నాడు.

"అసలు ఇంజన్ ఉందా లేదా అన్నట్టుంది కదండీ! మాట్లాడుకుంటే వినపడుతోంది. పాతదాన్ని మాత్రం తీసేయండి."

"తీసేసిన సార్. పైకి లాగినం."

"మంచిది. కాగితాలు చాలా శ్రద్ధగా చేశారు. ఇట్లా ఎవరూ కొలవరు." అతను ఫారం తిప్పి చివరి పేజీ ముందుకు జరిపాడు. "ఇక్కడ సంతకం. దాని పైన ఆ గడి మిగిలింది, నింపండి. ఏముంది, సున్నా వేసేయండి."

గడి ముందు అచ్చులో ఉంది. గత ఏడాదిలో ప్రయాణికుల ప్రాణనష్టం, సంఖ్య.

వెంకటనర్సు పెన్ను మూత తీశాడు. సున్నా వేయడానికి చెయ్యి ఒక చుట్టు తిరగాలి. ముప్పై ఏండ్ల వ్యాపారంలో ఏ సరుకూ తక్కువ తూచలేదని దుకాణంలో పదిమందికి చెప్పుకున్న మనిషి. మూడు పడవలు, ఆరుగురు పనివాళ్లు, వచ్చే వేసవి. కాటా ఒక తట్టలో అదంతా. రెండో తట్టలో ఒక జత చెప్పులు. కాటా ఎటు మొగ్గాలో తెలిసినదే. మొగ్గడం లేదు.

జెట్టీ మొదట్లో కురుమయ్య నిలబడి ఉన్నాడు. ఇటు చూడటం లేదు. నీళ్ల వైపు తల కొంచెం ఒక పక్కకు వంచి, దేనికో చెవి పెట్టినట్టున్నాడు.

వెంకటనర్సు పెన్నును నిలువుగా కిందికి లాగాడు. ఒక గీత. పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. ఒకటి.

రాజేందర్ ఫారం అందుకొని, చదివి, మళ్లీ చదివాడు. "ఇదేందండీ? తప్పు పడిందా?"

"తప్పు పోయిన దసరా నాడు పడింది సార్. ఇది సరిచేసుడు."

"ఇది రాస్తే పర్మిట్ ఆగుతుంది. కేసవుతుంది. మీ మీదే. తెలుసా?"

"ఎరికే సార్."

ఆఫీసరు ఫైలు మూసి, సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగి, ఒడ్డుకు పోయి తన బూట్లు వేసుకున్నాడు. జీపు గట్టు ఎక్కి పోయింది.

"రేపు పడవ తీయాల్నా సేటూ?" అన్నాడు కురుమయ్య.

"వద్దు. రేపు గజ ఈతగాళ్లు గావాలె. మీ చుట్టాలల్ల ఉన్నరంటివి గద, పిలువు. మోడుల దగ్గర దిగాలె. ఇప్పుడు నువ్వు ఆ చెప్పులు తీసుకొని నాతోని పోలీస్ స్టేషనుకు రావాలె. జర ఆగు."

షెడ్డులోకి పోయాడు. గోడ మీద ఆరు బస్తాలకు నాలుగు, ఏడు బస్తాలకు నాలుగూ పావు. ఆ కింద పది అంకెలు. ఐదు నెలల్లో రెండుసార్లు గోడకు సున్నం వేయించాడు. రెండుసార్లూ తన కొలతలు చెడిపోతాయని ఆ మేరకు వదిలేయమన్నాడు. వాటి కింద ఉన్నందుకు ఆ నంబరూ మిగిలింది.

ఒక్కో అంకె వేలుపెట్టి చూసుకుంటూ నొక్కాడు. నాలుగో రింగుకు ఎత్తారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని నేస్తున్నట్టుంది. ముందుగా మగ్గం వినిపించింది. కాలి కింద పలక తొక్కిన చప్పుడు, పోగుతో నాడె ఉరికిన చప్పుడు, పోగును బిగించే దెబ్బ. మళ్లీ పలక, నాడె, దెబ్బ.

"ఎవలు?"

"అమ్మా, నేను కొత్తగట్టు పడవల సేటును."

పలక చప్పుడైంది. నాడె ఉరికింది. దెబ్బ పడలేదు.

వెంకటనర్సు ఫోనును చెవికి ఇంకా అదుముకున్నాడు. అవతల ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఒక ఊపిరి వినిపించింది.

"ఇంటున్న," అన్నది యాదమ్మ.